నా బిడ్డ ఏడ్చిన పొద్దు

నేను చదివింది నాలుగో తరగతే. పత్రికకు రాయడం ఇదే మొదలు, తప్పులుంటే దిద్దుకోండి.

ఎమర్జెన్సీ ఎత్తేసిన మరుసటి ఏడు ఆళ్లగడ్డలో నా తొలి కాన్పయింది. నెలైనా నిండని పాపకు ఒకరోజు ఒళ్లు కాలిపోతోంది, పాలు తాగడం లేదు. "ఏడ్సకుండా పనుకోనుంది గదా, తగ్గుతాదిలే" అంది మా అత్త. నాకు మనసు ఆగలేదు. మా ఆయన్ని వెంటబెట్టుకుని నంద్యాల బస్సెక్కాను.

బస్సులో పక్కనామె "ఎంత నెమ్మదస్తురాలో! మావోడైతే బస్సు పీకి పందిరేస్తాడు" అని మెచ్చుకుంది. నాకూ కాస్త ధైర్యం వచ్చింది. ఆస్పత్రిలో డాక్టరమ్మకూ గొప్పగా చెప్పాను: "మా పాప ఏడ్సనే ఏడ్సదు మేడం."

ఆమె ముఖం మారిపోయింది. "నా భయం అదేనమ్మా. ఇంత పసిబిడ్డకు జ్వరమొస్తే ఒక్క పూట కూడా ఆగకూడదు" అంటూ రక్తం తీయడానికి సూది గుచ్చింది. పాప మూలగనైనా లేదు.

అక్కడే ఉంచుకుని రోజూ సూదిమందు వేశారు. కొన్నాళ్లకు ఒక పొద్దున నర్సు సూది వేయగానే పాప వార్డంతా అదిరేలా కేకపెట్టింది. నేను పకపకా నవ్వేశాను.

పక్క మంచం మీది అవ్వ "బిడ్డ ఏడుస్తాంటే నగుతాండావే, నువ్వేం తల్లివి?" అని తిట్టింది.

"తిట్టవ్వా తిట్టు. ఈ ఏడుపు కోసమే గదా ఇన్నాళ్లూ ఈడ పడున్యాం" అన్నాడు మా ఆయన, కళ్లు తుడుచుకుంటూ.

ఇప్పటికీ ఏ తల్లైనా తన పసిబిడ్డ ఏడవదని మురిసిపోతే, నేను ముందు ఆ బిడ్డ ఒళ్లు పట్టి చూస్తాను.