వెనక్కి వాలిన గీత

మొన్న మా చిన్న కోడలు ఇంట్లోనే ఆఫీసు పని చేసుకుంటూ, విండోస్‌లో తయారైన ప్రోగ్రాంలోని తప్పును లినక్స్ కంప్యూటర్ మీద వెతకడానికి డీబగ్గర్‌లో ఫైలు చిరునామా ఒకటి మార్చి, టీ చల్లారకముందే పని ముగించుకుని లేచింది. పక్కన చిక్కుడుకాయల ఈనెలు తీస్తున్న నేను ఆ తెర వంకే చూస్తూ ఉండిపోయాను. ఏమైందత్తమ్మా అని తను అడిగేసరికి ముప్ఫై ఏళ్ల కిందటి ఎండ ఒక్కసారిగా ముఖానికి కొట్టినట్టయింది.

మన వయసువాళ్లకు గుర్తుండే ఉంటుంది, ఆ రోజుల్లో కంప్యూటరంటే చెప్పులు బయట విడిచి అడుగుపెట్టాల్సిన చల్లని గది. నల్లగొండ జిల్లాలోని ఒక సిమెంటు ఫ్యాక్టరీలో అలాంటి గదిలో కంప్యూటరు చూసుకోవడమే నా తొలి ఉద్యోగం. మా మేనమామ అక్కడే కొలిమి దగ్గర పనిచేసేవాడు కాబట్టి, నేను రామన్నపేట నుంచి వచ్చి వాళ్ల క్వార్టర్‌లోనే ఉండేదాన్ని. అత్త పొద్దున్నే మా ఇద్దరికీ సద్ది కట్టి పంపేది.

సిమెంటు కొలిమి అంటే వీధంత పొడవున్న ఇనుప గొట్టం. కడుపులో నిప్పులతో నెమ్మదిగా తిరుగుతూనే ఉండాలి, ఎర్రగా కాలి ఉండగా ఆగిపోతే తన బరువుకు తానే వంగిపోతుంది. దాన్ని కనిపెట్టుకుని ఉండే ప్రోగ్రామును ఆ వేసవిలో కొత్తగా పెట్టారు. అది కూలిపోతే కొలిమీ ఆగిపోయేది. అప్పుడు ఎవరో ఒకరు పరుగున పైకెక్కి, ఆ సెగ పక్కనే నిలబడి, డీజిల్ ఇంజన్‌కు హ్యాండిల్ కొట్టి గొట్టాన్ని మెల్లగా తిప్పాలి. ఆ ఒకరు ఎక్కువసార్లు మా మామే అయ్యేవాడు.

ప్రోగ్రాం రోజూ కూలడం మొదలైంది. ఎక్కడ కూలుతోందో చూపించాల్సిన డీబగ్గరేమో ప్రోగ్రాం రాసిన ఫైలు దొరకలేదని ఒక్క ముక్క చెప్పి మొండికేసేది. నగరంలోని కంపెనీవాళ్లు దాన్ని విండోస్‌కు ముందుతరమైన డాస్ కంప్యూటర్ల మీద తయారుచేసి, లినక్స్‌కు ముందుతరమైన మా యూనిక్స్ యంత్రానికి ఎక్కించారు. డాస్‌లో ఫైలు చిరునామాకు ముందు సి అనే అక్షరం, మధ్యలో వెనక్కి వాలిన గీతలు. యూనిక్స్‌లో ముందుకు వాలిన గీతలు. ప్రోగ్రాం తన పుట్టింటి చిరునామానే మోసుకొచ్చింది, మా యంత్రానికి ఆ ఊరే తెలియదు. అవే పేర్లతో డైరెక్టరీలు, అంటే ఫైళ్లు దాచే అరలు, కట్టాను, పెద్దక్షరాలు చిన్నక్షరాలు మార్చి చూశాను, నగరానికి ఫోన్ చేస్తే తమ దగ్గర బాగానే నడుస్తోందని పెట్టేశారు. వేల వరుసల ప్రోగ్రాము కాగితాల మీద పరుచుకుని చదువుతుంటే అక్షరాలు అలుక్కుపోయేవి.

"బిడ్డా, జర జల్ది సూడు. గిట్ల ఆగుకుంట పోతె గొట్టం వంగుతది, కార్ఖాన మూతబడ్తది. మేమందరం యాడికి పోవాలె?" అని మామ ఒకరోజు కిటికీ అవతలి నుంచే అడిగాడు. కనుబొమలు కాలి ఉన్నాయి.

మర్నాడు మిట్టమధ్యాహ్నం కొలిమి మళ్లీ ఆగింది. మామ హ్యాండిల్ కొడుతూ కొడుతూ అక్కడే కుప్పకూలాడు. జీపులో దవాఖానకు తీసుకుపోతుంటే నేనూ వెంట పరుగెత్తాను. జీపులో ఆయన తల ఒళ్లో పెట్టుకున్న అత్త చేత్తో నన్ను ఆపింది. "నువ్వు రాకే. పక్కింటాయన ఎక్కిండు పైకి, ఆయనకు ముగ్గురు పిల్లలు. ఆ డబ్బా సంగతి సూడు పో" అంది.

ఏడుస్తూనే తెర ముందు కూర్చున్నాను. ఆ చిరునామాను వందసార్లు చూసి ఉంటాను, అప్పుడు తట్టింది. యూనిక్స్‌కు ఫైలు పేరులోని వెనక్కి వాలిన గీత దారిని విడదీసే గీతే కాదు, మామూలు అక్షరం! అంటే ఆ చిరునామా మొత్తాన్నీ అది ఒకే ఒక్క ఫైలు పేరనుకుని వెతుకుతోంది. అయితే ఆ పేరుతోనే ఫైలు పెడదామని టైపు చేస్తే మధ్యలో గీతలన్నీ మాయమైపోయాయి, టైపు చేసేచోట మాత్రం యంత్రం ఆ గీతను తనకిచ్చిన సైగ అనుకుని మింగేస్తుంది. పేరును కొటేషన్ల మధ్య ఉంచి మళ్లీ కొట్టాను. డీబగ్గర్ తెరుచుకుంది. వేడి కొలిచే తీగ ఒకటి అప్పుడప్పుడూ సున్నా పంపుతోంది, ప్రోగ్రాం ఆ సున్నాతో భాగించబోయి కూలుతోంది. సున్నా వస్తే వదిలేయమని రెండు వరుసలు రాశాను. ఆ తర్వాత కొలిమి ఆ కారణంగా ఆగలేదు.

మామ బతికాడు. కానీ డాక్టరు నిప్పు దగ్గరికి వెళ్లొద్దన్నారు, ఫ్యాక్టరీవాళ్లు గేటు దగ్గర కూర్చోబెట్టారు. ప్రోగ్రాం బాగైందని చెప్పడానికి దవాఖానకు వెళ్లినప్పుడు ఆయన అడిగింది ఒక్కటే, పక్కింటాయన మంచిగున్నడా అని. నిప్పుకు దూరమయ్యాక ఆయన మనుషుల్లో కలవడం తగ్గించేశాడు, ఇప్పుడు లేడు.

ఈనాడు అలాంటి యంత్రం ఆగితే ఎక్కడో దూరపు ఊళ్లో ఎవరి ఫోనో మోగుతుందట, ఎవరూ సెగలోకి పరుగెత్తక్కర్లేదట. మంచిదే, నూరుసార్లు మంచిదే. కానీ ఆ రోజుల్లో కొలిమి చప్పుడు ఆగిన మరుక్షణం క్వార్టర్లలోని ఆడవాళ్లందరూ చేతిలో పని వదిలి గడపల్లోకి వచ్చి, ఈసారి పైకెక్కింది తమవాడో పొరుగింటివాడో తెలియక, ఎవరైతేనేం అన్నట్టు అందరి కోసమూ కలిసి చేతులు జోడించేవాళ్లు. మా కోడలి పని చెడితే ఆమె ఒక్కతే తలుపేసుకుని కూర్చుంటుంది. బయట నేను ఎవరి కోసం చేతులు జోడించాలో నాకు తెలియదు.