పెద్దమ్మ తెచ్చిన పొడి కట్టెలు

పోయిన నెల నెల్లూరులో మా మనవరాలికి నెలలు నిండకుండానే కాన్పయింది. చూడటానికి వెళ్ళేసరికి, గుప్పెడంత బిడ్డను తల్లి రొమ్ము మీద బోర్లా పడుకోబెట్టి, పైన దుప్పటి కప్పి, ఒంటి వెచ్చదనమే ఈ బిడ్డకు మందని నర్సమ్మ ఓపికగా చెబుతోంది. అందరూ తలలూపారు. నేను మాత్రం వరండాలోకి వెళ్ళి బెంచీ మీద కూర్చున్నాను.

అరవైల్లో నేను మిడ్‌వైఫు ట్రైనింగు ముగించి, తెల్లచీర కట్టుకుని, వాకాడు అవతల సముద్రపుగాలి తగిలే ఒక చిన్న ఆసుపత్రిలో చేరాను. ఆసుపత్రి అంటే మన ఈడువాళ్ళకు చెప్పనక్కర్లేదు, ఆరు మంచాలు, ఒక కట్టెలపొయ్యి, వారానికి రెండుసార్లు వచ్చే డాక్టరుగారు, పురుళ్ళన్నిటికీ నేనొక్కదాన్ని. ఆ ఊరి దర్జీ సాయబుగారి తల్లి లేకపోతే మొదటి నెలలోనే పెట్టె సర్దుకునేదాన్ని. ఊళ్ళో సగంమంది ఆమె చేతుల్లో పుట్టినవాళ్ళే. అందరికీ ఆమె పెద్దమ్మ. జీతం లేదు, రమ్మన్నవాళ్ళు లేరు. తెల్లవారి నమాజు కాగానే, కొడుకు కొట్లో మిగిలిన గుడ్డముక్కలు ఉతికి మూటగట్టి తెచ్చి, పొత్తిగుడ్డలుగా సర్ది, సాయంత్రందాకా బాలింతల దగ్గరే ఉండేది.

నాకు చదువుకున్నానన్న గర్వం ఉండేది, దాచడమెందుకు. పెద్దమ్మను సబ్బుతో చేతులు కడుక్కోమంటే కడుక్కుంది, బొడ్డుకు బూడిద అద్దవద్దంటే మానేసింది. ఆమె మనవరాలి ఈడుదాన్ని, అయినా నా మాటకు ఎదురు చెప్పేది కాదు.

ఒక కార్తీకంలో, నాలుగు రోజులుగా ముసురు పట్టి ఉండగా, నాట్లువేస్తూ నొప్పులొచ్చిన కూలిమనిషిని బండిలో తెచ్చారు. అంతకుముందు ఇద్దరు బిడ్డలు పోయారట. ఈసారీ ఏడోనెలలోనే మగపిల్లవాడు పుట్టాడు, ఆమెకేమో ఒళ్ళు తెలియని జ్వరం. నేను తల్లిని చూసుకుని వచ్చేసరికి పెద్దమ్మ ఆ పసివాణ్ణి తన పైటలోపల గుండెకు ఆనించుకుని, గోడకు చేరగిలబడి కూర్చుని ఉంది. వాడు ఎర్రగా ఉన్నాడు, సన్నగా మూలుగుతున్నాడు. ముసలివాళ్ళ ఒంటి చెమట బిడ్డకు తగలకూడదు, అటూ ఇటూ వేడినీళ్ళ సీసాలు పెట్టి ఉయ్యాల్లో పడుకోబెట్టాలని నేర్చుకున్నదాన్ని, గద్దించాను.

“నా గుండెకాడే ఉండనీ బిడ్డా, వెచ్చగా ఉండాడు,” అంది. ఆమె నాకు అడ్డుచెప్పింది ఆ ఒక్కసారే. నేను వినలేదు, లాక్కుని ఉయ్యాల్లో సీసాల మధ్య పడుకోబెట్టాను.

అంతలోనే ఇంకొకామెకు బిడ్డ అడ్డం తిరిగితే నేనూ పెద్దమ్మా అక్కడ చిక్కుకుపోయాం. వంటపాక కురిసి కట్టెలు తడిసిపోయాయి, ఆయా ఎంత ఊదినా పొయ్యి అంటుకోలేదు, సీసాలు చల్లారిపోయాయి. మధ్యాహ్నం నేను ఉయ్యాల దగ్గరికి వచ్చేసరికి వాడు నీలంగా ఉన్నాడు, ఊపిరి లేదు.

నెల తక్కువ బిడ్డ, నిలవలేదమ్మా అని, జ్వరం కాస్త దిగి కళ్ళు తెరిచిన తల్లితో అన్నాను. ఆ వెర్రితల్లి రెండు చేతులూ ఎత్తి నాకే దణ్ణం పెట్టింది, “నువ్వు మాత్రం ఏం చేస్తావు, చేసేదంతా చేసినావు,” అని. పక్కనే పెద్దమ్మ అంతా వింది. మూటలోంచి కొత్తగుడ్డ ఏరి బిడ్డను చుట్టింది.

మర్నాడు ఆమె రాదనుకున్నాను, రాకూడదనీ కోరుకున్నాను. వానలోనే వచ్చింది, నిన్న బిడ్డను పెట్టుకున్నచోటే పైటకింద ఏదో దాచుకుని. తాను పూర్తిగా తడిసింది.

“పొడి కట్టెలు తెచ్చినా బిడ్డా. ఇంక నీ సీసాలు చల్లారవులే.”

నాకు నాయుడుపేటకు బదిలీ అయ్యేదాకా ఆ ముసలమ్మ రోజూ కట్టెలు తెస్తూనే ఉంది. తప్పు నాదని నేను ఆమెతో అననేలేదు. అందామనుకునేనాటికి ఆమె లేదు.

వరండాలో కూర్చున్న నా దగ్గరికి నర్సమ్మ వచ్చి, తల్లి అన్నం తినేదాకా బిడ్డను మీరు గుండెకు ఆనించి పెట్టుకోండవ్వా, పెద్దవాళ్ళ ఒళ్ళయినా వెచ్చనే కదా అంది. ఇప్పుడు నాది పెద్దమ్మ కంటే పెద్ద వయసు. ఆసుపత్రులు మారాయి, చదువులు మారాయి. ఆనాడు నర్సును నేనే, ఈ మాట పెద్దమ్మతో అనవలసింది నేనే.