ఎదురొచ్చిన బిందె

ఇంతకుముందు రాయకపోవడానికి కారణం నాకు అక్షరాలు రాకపోవడం ఒక్కటే కాదు. ముప్పై ఏండ్లు దగ్గరపడ్డంక అవి వచ్చినయి. వచ్చినంక కూడా చదువుడే నా పని అనుకున్న గని రాసుడు కాదు. నేను చదువుడు నేర్చుకున్నది ఇంకొకరి చెవుల కోసం. నా కోసం రెండు ముక్కలు రాసుకోవచ్చని ఎవరూ చెప్పలేదు, నాకూ తోచలేదు. మొన్న పటాన్‌చెరులో సంగారెడ్డి బస్సెక్కిన. నా ముందు చూపులేని పిల్ల ఒకతి, చేతిలో తెల్లకర్ర, వీపున బ్యాగు, తనంతట తానే ఎక్కి, "అన్నా, కాలేజీ కాడ ఆపుతవా?" అని డ్రైవర్‌ను అడిగింది. "ఆపుత గని కూసో తల్లీ" అన్నడు ఆయన. ఎవరూ అయ్యో అనలేదు, పక్కన చెయ్యి పట్టుకున్నోళ్లు లేరు. ఆమె దిగేదాకా వెనక సీట్లో కూసుని ఆమె జడనే చూసిన. ఇంటికొచ్చి కాగితం తీసిన.

మాది కొండాపూర్ దిక్కు ఒక పల్లె. నా మొగుడు పటాన్‌చెరు దిక్కు కంపెనీల పనిచేసేటోడు. ఒకరోజు డ్యూటీకి పోతూ బొంబాయి రోడ్డు దాటుతుంటే లారీ కింద పడ్డడు. నాకు ఏడుపు రాలేదు. ఊరి ఆడోళ్లు చుట్టూ కూసుని "ఏడువే, ఏడ్వకుంటే గుండెల గడ్డ కడ్తది" అని బతిమాలిన్రు. నేను వాళ్ల మొహాలు చూసుకుంట, ఎవరి ముక్కుపుడక ఏ దిక్కున్నదని చూసిన. ఒకనాడు పొయ్యి కాడ చెయ్యి కాలితే వాసన వచ్చేదాక తెల్వలేదు. దుఃఖమంటే ఏదో పెద్దది మీద పడ్తదనుకున్న. నాకొచ్చింది తిమ్మిరెక్కిన కాలు లెక్క ఉండె. నడుస్తది గని నాది కాదు. పని చెప్తే చేసేదాన్ని, చెప్పకుంటే గోడకానుకుని కూసునేదాన్ని.

మా బావకు ఒక్కతే బిడ్డ. ఏడో తరగతిల జరమొచ్చి చూపు పోయింది. హైస్కూలు సారు వదల్లేదు. పాఠాలు విని నేర్చుకోమన్నడు, పరీక్షలల్ల పక్కన కూసుని రాసేటోళ్లను చూసిపెట్టిండు. పిల్ల పదో తరగతి గట్టెక్కింది. అంతటితో ఆగుతడనుకుంటే, సంగారెడ్డిల ఒక కాలేజీ ప్రిన్సిపాల్‌తో మాట్లాడొచ్చి, మా అరుగు మీద చాయ్ తాగుకుంట "రేపటితోని గడువు అయిపోతది. రేపు రాకుంటే ఇగ పిల్ల ఇంటికాడనే" అన్నడు. వెంట పోయేదెవరు? బావకు నాట్లు, మా తోటికోడలికి బర్లు, అత్తకు మోకాళ్లు. అందరూ నా దిక్కు చూసిన్రు. ఒట్టిగ కూసున్నది నేనొక్కదాన్నే.

చిక్కేందంటే, మంచిపనికి బయలెల్లేటప్పుడు ముండమోసిన ఆడది ఎదురు రావద్దు. వెంట పోవచ్చు, ఎదురు రావద్దు. అత్త ఆలోచించి ఉపాయం చెప్పింది. నేను ముందే వెనక దర్వాజ నుంచి పోయి సందులో గోడ చాటున నిలబడాలె. పిల్ల గడప దాటంగనే పక్కింటి ముత్తైదువ నిండు బిందెతో ఎదురు రావాలె. అటెనక నేను వచ్చి కలవాలె. శకునానికి పోయేటోళ్ల చెయ్యి ఎవరూ పట్టుకోవద్దని, ఒక్కతే గడప దాటాలని కూడా ఆమెనే చెప్పింది. అన్నీ ఆలోచించిన్రు. పిల్లకు కండ్లు కనవడవన్న సంగతి ఒక్కటి మరిచిన్రు.

పిల్ల గడప దాటి ధైర్యంగ అడుగులేసింది. పక్కింటామె తప్పుకోలేదు. శకునమే పక్కకు తప్పుకుంటే ఇంకేం శకునం? ఇద్దరూ గుద్దుకున్నరు. బిందెడు నీళ్లు పిల్ల మీద పడ్డయి. గోడ చాటు నుంచి నేనంతా చూసిన. బావ అరుగు మీద కూలబడి "ఇగ ఇయ్యాల వద్దు" అన్నడు.

"ఎందుకొద్దు నాయినా? పొలంల నీళ్లు పారితే మంచిదంటవు గద" అన్నది పిల్ల, ఓణీ పిండుకుంట.

"నిండు బిందె ఒలికిందే. గది మంచి శకునమా?"

"ఇయ్యాల పోకుంటే ఇగ పోయేదే లేదు. చిన్నమ్మ ఏది?"

"అది ఇప్పుడు రావద్దు" అన్నది అత్త.

"నాకెవ్వలు ఎదురొచ్చినా ఒక్కటే నాయినమ్మా. కనవడదు గద."

పక్కింటామె కొంగు నోటికడ్డం పెట్టుకుని నవ్వింది. నేను గోడ చాటు నుంచి వచ్చి పిల్లకు ఎదురుగానే నిలబడ్డ. బావ చెయ్యి ఊపి "అయ్యేదేందో అయింది. పోండ్రి" అన్నడు.

పిల్ల బట్టలు ఆరకముందే బస్సెక్కినం. కాలేజీ కాడికి చేరేసరికి సారు గేటు బయట అటూ ఇటూ తిరుగుతుండు. లోపల ప్రిన్సిపాల్ పిల్లను అదీ ఇదీ అడిగి, అన్నిటికీ జవాబు విని, "సీటు ఇస్త. పుస్తకాలు ఇంటికాడ ఎవరు చదివి వినిపిస్తరు?" అన్నడు.

"మా చిన్నమ్మ" అన్నది పిల్ల.

ప్రిన్సిపాల్ నా దిక్కు చూసిండు. నేను గోడకున్న క్యాలెండర్ దిక్కు చూసిన. దాని మీద లక్ష్మీదేవి బొమ్మ తప్ప నాకు తెలిసింది ఏదీ లేదు. సారు దగ్గిండు. "సరే. మూడు నెలలకు పరీక్ష పెడ్తం. దాంట్లె తప్పితే ఇంటికి పంపిస్త, మల్ల నన్ననొద్దు" అన్నడు ప్రిన్సిపాల్.

తిరుగు బస్సెక్కినం. సగం దూరం పోయినంక "నాకు అచ్చరమ్ముక్క రాదని నీకు తెల్వదానే?" అని అడిగిన.

"తెలుసు."

"మరెట్ల చెప్పినవ్?"

"ఇంట్ల నీకు తప్ప ఎవ్వలకు పురుసత్ ఉన్నది? నాకు అచ్చరాలొచ్చు, కనవడవు. నీకు కనవడ్తయి, రావు. సగం పని అయినట్టే గద."

"నేను నేర్చుకోనంటే?"

పిల్ల సగం ఆరిన ఓణీ అంచును వేలికి చుట్టుకుంది. "ఏముంది, నేను సుత గోడకానుకుని కూసుంట. నీ పక్కపొంటి" అన్నది.

నాకు కోపం రాలేదు, జాలి కూడా రాలేదు. ఏదన్నా వస్తదేమోనని కొంచెంసేపు చూసిన. రాలేదు. ఆ గోడ మాత్రం కండ్ల ముందుకొచ్చింది, దానికి ఇద్దరం ఆనుకుని కూసున్నట్టు. పిల్లకు అప్పటికి పదహారు నిండలేదు.

తెల్లారి రొట్టెల కోసం తాంబాళంల జొన్నపిండి పోసుకుని పొయ్యి ముందు కూసున్న. నీళ్లు పొయ్యకముందే పిండిని అరచేత్తో చదును చేసి, పిల్లను పిలిచి తాంబాళం ఆమె ముందుకు జరిపిన. ఆమె వేలితో ఒక అక్షరం గీసింది. పక్కన నేనూ అట్లనే గీసిన. ఆమె వేలి కొసతో మెల్లగ తడిమి, "బొజ్జ పెద్దగైంది, తోక లేదు. మల్ల రాయి" అన్నది. బయట నుంచి అత్త "పిండితోని ఆటలేందే" అని గొణిగింది. నేను పిండి చదును చేసి మల్ల రాసిన. అప్పటికే నా బతుకుల శానా ఏండ్లు ఒట్టిగనే పోయినయి గని, ఆ పొద్దున పిల్ల కాలేజీకి పోయే బస్సు రావడానికి ఇంకా చాలాసేపు ఉండె.