పేడపురుగుల సంగీత మేడం

పంజాగుట్టలోని ఓ ప్రైవేటు డిగ్రీ కాలేజీలో సంగీత జువాలజీ చెప్పేది. ఆ సోమవారం ల్యాబ్ తలుపు తీయగానే ఆమెకు ఒళ్లు భగ్గుమంది. అద్దాల బీరువా లేదు. దాన్లోని పురుగుల పెట్టెలూ లేవు. ఆ జాగాలో కొత్త కంప్యూటర్లు దించి ఉన్నాయి.

"ప్రిన్సిపాల్ సారు చెత్తల పడేయమన్నరు మేడం. జర ఆగుండ్రి అన్న, ఇనలే," అంది ఊడ్చే బుచ్చమ్మ.

అవి పేడపురుగులు. కందిగింజంత కూడా ఉండవు. సంగీత వాటిని బోరబండలో తన తండ్రి పెంటయ్య బర్రెల కొట్టం దగ్గరా, ఎర్రగడ్డ ఖాళీ స్థలాల్లోనూ ఏళ్ల తరబడి ఏరుకొచ్చింది. పొడుగు వెనక కాళ్లు చూసి, ఎప్పుడో ఎవరో వీటి ప్రజాతిని, అంటే జీనస్‌ని, పేడ ఉండలు దొర్లించే పురుగుల గుంపులో కలిపేశారు. సంగీతకు మాత్రం ఒక్కటీ దొర్లిస్తూ కనపడలేదు. అన్నీ పేడ కిందే సొరంగం తవ్వుకుని దిగిపోయేవి. కాళ్లు చూసి వంశం చెబితే ఎట్లా? మూతి భాగాలు కోసి చూపించి, వాటిది వేరే గుంపని రుజువు చేయబోతోంది. ఇంతలో ఇదీ సంగతి.

ప్రిన్సిపాల్ చక్రపాణి గదిలోకి అడక్కుండానే దూసుకెళ్లింది.

"ఏంటి సంగీత గారూ, పేడపురుగుల కోసం ఇంత రభసేంటి? మళ్లీ పట్టుకొచ్చుకోండి. పేడకి కరువా?"

"కరువే సార్! ఆ జాగాలల్ల అపార్ట్‌మెంట్లు లేచినయి. మా నాయిన కొట్టం సుత పోయింది. యాడికెల్లి తేవాలె? మీ పెండ్లి ఫొటోలు గిట్లనే చెత్తల ఏస్తరా?"

ఆయన నవ్వాడు. "కూర్చోండి, కాఫీ తాగండి."

"మీరే తాగుండ్రి!" తలుపు ధడాలున వేసి బయటికొచ్చింది.

బుచ్చమ్మ, తనూ కలిసి కాలేజీ వెనక చెత్తకుప్ప కెలికారు. పెట్టెలు కొన్ని దొరికాయి, కానీ తడిసి చీటీలు ఊడిపోయాయి. ఎక్కడ, ఎప్పుడు దొరికిందో చెప్పే చీటీ లేకపోతే ఆ పురుగు ఎందుకూ పనికిరాదు. చీటీతో మిగిలినవి గుప్పెడు. కుప్ప పక్కనే నిలబడి సంగీత పళ్లు కొరికింది. ఏడుపు రాలేదు.

ఆ గుప్పెడుతోనే వ్యాసం రాసి పంపితే, నమూనాలు చాలవని సైన్సు పత్రికవాళ్లు తిప్పి పంపారు. ప్రజాతి పాత గుంపులోనే ఉండిపోయింది. సంగీత ఆ ఉద్యోగం మానేసి, అమీర్‌పేటలో కోచింగ్ సెంటర్లో చేరింది. ఆదివారం వస్తే మళ్లీ ఆ పురుగుల కోసం ఊరి బయట బర్రెల మందల వెంట తిరుగుతోంది.

"ఇంకా కోపం తగ్గలేదా బిడ్డా?" అన్నాడు పెంటయ్య మొన్న.

"తగ్గనియ్య నాయినా. తగ్గితే గీ ఎండల తిరగబుద్ధి కాదు," అంటూ చెప్పులు తొడుక్కుంది.