రెండు వందల నాలుగో పేజీ

2022 వానాకాలం. అప్పుడు నేను నాచారంలో ఒక శాఖా గ్రంథాలయంలో లైబ్రేరియన్‌ని. పొద్దున తొమ్మిదయ్యేసరికి మా హాల్లో కుర్చీలన్నీ పోటీ పరీక్షలకు చదివే కుర్రాళ్లతో నిండిపోయేవి. వాళ్లకు కావలసింది కుర్చీ, ఫ్యాను, ఫోన్ చార్జింగు. మా పుస్తకాలతో వాళ్లకు పనిలేదు. నవలల బీరువాల తాళాలు తుప్పు పట్టిపోతుంటే నాకు ఒళ్లు మండి, ఆ ఏడాది ఆదివారాల్లో ఒక కార్యక్రమం మొదలుపెట్టాను. తొమ్మిదో తరగతి నుంచి ఇంటర్ దాకా చదివే పిల్లలు ఒక్కో నవల ఇంటికి తీసుకెళ్లి చదవాలి, వచ్చి ఐదు నిమిషాలు తమ అభిప్రాయం చెప్పాలి.

కథంతా ఏకరువు పెట్టకూడదు, ఏమనిపించిందో చెప్పాలి. అది మొదటి నియమం. నచ్చిన చోటు ఎన్నో పేజీలో ఉందో కూడా చెప్పాలి. ఇది రెండోది, నా కుట్ర. ఫోన్లో ఎవరో చెప్పిన కథాసారం విని వచ్చి గడగడా ఒప్పజెప్పే ఘనులుంటారు. తాడిదన్నేవాడుంటే వాడి తలదన్నేవాడుంటాడు కదా! పేజీ నంబరు అడిగితే సగం మంది నీళ్లు నమిలేవారు. పట్టుకున్నందుకు నాకు చెప్పరానంత సంతోషం కలిగేది.

శిరీష చిల్కానగర్ నుంచి వచ్చేది. ఇంటర్ మొదటి సంవత్సరం. వాళ్లది జనగామ వైపు ఊరు. తండ్రి ఇక్కడ ఫ్యాక్టరీలో పని, తల్లి ఒక లేడీస్ హాస్టల్లో వంట. అడిగితే తప్ప నోరు విప్పని పిల్ల. తను తీసుకున్నది అట్ట, పేరున్న పేజీ ఊడిపోయి, మళ్లీ బైండింగు చేయించిన పాత నవల. దాన్ని మేము యాక్సెషన్ నంబరుతో, అంటే పుస్తకం రాగానే రిజిస్టరులో ఎక్కే వరుస సంఖ్యతో, 4117 అనేవాళ్లం. దానికి జంట ప్రతి 4118. కథ ఒక పాత బంగళాది. మేడమీద ఒక గదికి తాళం వేసి ఉంటుంది, లోపలి నుంచి చప్పుళ్లు వినిపిస్తుంటాయి, చివరి అధ్యాయంలో గానీ ఎవరూ తలుపు తెరవరు.

మొదటి ఆదివారం తన వంతు వచ్చినప్పుడు శిరీష లేచి నిలబడి కిందికి చూస్తూ మాట్లాడింది.

"నాకు బంగ్లల ఉన్నోళ్లెవ్వరూ నచ్చలే మేడం. గోడ అవతల ఒక చిన్నపిల్ల ఉంటది, ఆమెనే నచ్చింది. ఆమె కనబడది, ఇనబడ్తది. సాయంత్రం నాలుగ్గొట్టంగ గోడకు ఆనుకొని కూసుంటది. ఇవతల ఎవరన్న కథ సదువుతుంటే ఇంటది. ఆపితే గోడ మీద మూడుసార్లు కొడ్తది."

"ఎందుకు నచ్చింది?" అన్నాను.

"ఆమె అన్నం అడగది, నీళ్లడగది మేడం. తర్వాతేమైందని కథనే అడుగుతది."

పరీక్షల కుర్రాళ్లు కూడా పుస్తకాల్లోంచి తలలెత్తారు. ఇన్నాళ్లకు ఒక మంచి పాఠకురాలు దొరికిందని నేను పొంగిపోయాను. అలవాటు కొద్దీ పేజీ నంబరు అడిగాను. కాస్త తడబడి "రెండు వందల నాలుగు" అంది. నోట్‌బుక్‌లో రాసుకున్నాను.

శిరీష చెప్పిన తీరుకు మనసుపడి సాత్విక్ అనే పదో తరగతి అబ్బాయి 4118 తీసుకెళ్లాడు. రైల్వే ఉద్యోగి కొడుకు, వాళ్లది విజయవాడ. రెండో ఆదివారం వస్తూనే వాడు తగువుకు దిగాడు.

"మొత్తం చదివాను మేడం. గోడవతల అమ్మాయే లేదు. రెండొందల నాలుగో పేజీ కూడా లేదు. నూట డెబ్బై ఆరుకే అయిపోయింది."

అందరూ నవ్వారు. శిరీష నవ్వలేదు. "నా పుస్తకంల ఉన్నది" అంది. "ఈ వారం రెండుసార్లే కొడ్తున్నది" అని కూర్చుంది.

నవ్వులు ఆగిపోయాయి. అఖిల అనే పిల్ల కుర్చీ వెనక్కి జరుపుకొని, "మేడం, నాకు గా పుస్తకం మాత్రం ఇయ్యకుండ్రి" అంది. ఆ రోజు నుంచి 4118ని ముట్టుకున్నవాళ్లు లేరు.

నాకు దయ్యాల మీద నమ్మకం లేదు గానీ బైండర్ల మీద బోలెడంత ఉంది. పుస్తకాన్ని పదహారేసి పేజీల కట్టలుగా అచ్చువేస్తారు. వాటిని ఫారాలంటారు. మళ్లీ కుట్టేటప్పుడు ఒక పుస్తకం ఫారం ఇంకో పుస్తకంలోకి దూరడం మామూలే. మా దగ్గర ఒక వంటల పుస్తకంలో పులిహోర తర్వాత గేదెల గాలికుంటు వ్యాధి వచ్చింది. 4117లో కూడా ఇంకో నవల ఫారాలు కలిసి ఉంటాయనుకొని, వచ్చేవారం పుస్తకం తెమ్మన్నాను. మొన్న మూడుసార్లు, ఇప్పుడు రెండుసార్లు అని ఆ పిల్ల అన్న మాట నా చెవిన పడింది గానీ బుర్రకెక్కలేదు.

మూడో ఆదివారం పుస్తకం తెచ్చింది. అందరి ముందూ ఒక్కో కాగితం తిప్పి చూశాను. నూట డెబ్బై ఆరు పేజీలు, అదే నవల, ఒక్క అక్షరం తేడా లేదు. పరువుపోయినట్టు కోపం వచ్చింది.

"చదవకుండా అభిప్రాయం చెప్పడం ఒక తప్పు. లేని పేజీని పుట్టించడం ఇంకో తప్పు" అని కసిరి, పుస్తకం బీరువాలో పెట్టి తాళం వేశాను.

శిరీష ఏడవలేదు. అందరూ వెళ్లిపోయేదాకా నిలబడి, "పుస్తకం ఇయ్యుండ్రి మేడం. ఆమెకు ఇంక ఆఖరిది ఇనిపియ్యలే" అంది.

"ఎవరికి?"

"ఆమెకే."

ఆ మాట అన్న తీరుకు నా చేతుల మీద వెంట్రుకలు లేచాయి. భయపడ్డానని ఒప్పుకోలేక మరింత గట్టిగా కసిరి పంపేశాను. ఆ సాయంత్రం రిజిస్టర్లు రాసుకుంటుంటే కరెంటు పోయింది. ఫ్యాన్లు ఆగాక హాలంతా ఒక్కసారిగా నిశ్శబ్దమైంది. గడియారం చూస్తే నాలుగు. నాలో నేనే నవ్వుకున్నాను గానీ కుర్చీని గోడకు దూరంగా జరుపుకొని కూర్చున్నాను.

నాలుగో ఆదివారం శిరీష ఉత్తచేతులతో వచ్చింది. తన వంతు కాకపోయినా లేచి నిలబడింది. కళ్ల కింద నల్లగా ఉంది.

"మంగళవారం ఒక్కసారి కొట్టింది మేడం. నిన్న అసలు కొట్టలే" అంది.

అప్పుడు నా బుర్రకెక్కింది. పుస్తకం బీరువాలో ఉంది, తాళంచెవి నా దగ్గర ఉంది. అందులోని మనిషి మంగళవారం ఏం చేసిందో, శనివారం ఏం చేయలేదో ఈ పిల్లకెలా తెలుసు? అచ్చులో ఉన్న మనుషులు వారం వారం నీరసించరు.

లోపలి గదిలోకి వెళ్లి సభ్యత్వం దరఖాస్తుల ఫైలు తీశాను. శిరీష చిరునామాలో ఇంటి నంబరు 203 అని ఉంది. ఆ పిల్లను ఒక్కదాన్నే లోపలికి పిలిచాను.

"మీ పక్క పోర్షన్ నంబరెంత?"

"రెండు వందల నాలుగు." అప్పుడు మొదటిసారి ఏడ్చింది. "నేను ఎవ్వరికీ చెప్పలే మేడం. నవల గురించే చెప్పిన."

మూడు నెలలుగా పక్కింట్లో గోడవతల ఒక చిన్నపిల్ల గొంతు వినిపిస్తోంది, మనిషి మాత్రం ఎన్నడూ బయట కనబడలేదు. కాలేజీ నుంచి వచ్చి నాలుగింటికి పైకి చదువుకుంటుంటే ఒకరోజు గోడ మీద చప్పుడైంది. శిరీష ఆపితే మళ్లీ అయింది. అందుకే ఆ పిల్లకు వినిపించడానికి నవలలు తీసుకెళ్లడం మొదలుపెట్టింది. తల్లికి చెబితే ఆమె బిడ్డ చెయ్యి తన తల మీద పెట్టించుకొని, ఆ ఇంటి సంగతి బయట ఎవ్వరికీ చెప్పనని ఒట్టు వేయించుకుంది. ఆ ఇంట్లో ఉండేది ఓనరు చుట్టాలు. నోరెత్తితే ఇల్లు ఖాళీ చేయిస్తారు. ఒట్టు తప్పితే అమ్మకేమైనా అవుతుందని శిరీష భయం. చెప్పకుండా ఉండలేక, మా ఆదివారం సభలో నవల పేరుతో చెప్పుకుంది. నేను పేజీ నంబరు అడిగితే నోటికొచ్చింది ఆ ఇంటి నంబరే.

పిల్లల హెల్ప్‌లైన్‌కి ఫోన్ చేశాను. మధ్యాహ్నానికి ఇద్దరు అధికారులు, ఒక మహిళా కానిస్టేబుల్ వచ్చారు. శిరీషను తీసుకొని నేనూ ఆటోలో వెంట వెళ్లాను. శిరీషకు తిరిగి ఇచ్చేద్దామని 4117 నా సంచిలో వేసుకున్నాను.

204 తలుపు తీసినావిడ మర్యాదగానే మాట్లాడింది. "ఇంట్లో పిల్లలెవరూ లేరండి. పనిమనిషి పొద్దున వచ్చి వెళ్లిపోతుంది. ఎవరో గిట్టనివాళ్లు చెప్పుంటారు" అంది. అధికారులు గుమ్మం దగ్గరి నుంచి చూశారు. హాలు, వంటగది, సర్దిన సోఫా. ఎక్కడా అలికిడి లేదు. కానిస్టేబుల్ నా వైపు అనుమానంగా చూసింది. అధికారులు వెనక్కి వెళ్లిపోతే ఈ రాత్రికి ఆ ఇంటివాళ్లు పిల్లను ఎక్కడికి తరలిస్తారోనని భయం వేసింది.

203లో శిరీష తల్లి పొయ్యి ముందు నుంచి కదల్లేదు. "మాకేం తెల్వదు మేడం" అని అదేమాట అంటోంది. శిరీష నా సంచిలోంచి పుస్తకం తీసుకుంది.

"నేను సదువుత. సదవనీకి ఒట్టు లేదు గదా అమ్మా" అంది.

అధికారులను లోపలికి పిలిచాను. శిరీష గోడవారన కూర్చొని, ఆపిన చోటు నుంచి పైకి చదవడం మొదలుపెట్టింది. బంగళాలో వాళ్లు మెట్లెక్కుతున్నారు, తాళంచెవి దొరికింది, తాళంలో పెట్టారు. అక్కడ ఆపేసింది. గోడ మామూలు సున్నం గోడ, దాని మీద ఒక దేవుడి క్యాలెండరు. ఎంతసేపు గడిచిందో తెలియదు. ఇక లేదనుకున్నాను.

గోడ అవతలి నుంచి, చాలా కింద, నేలకు దగ్గరగా, ఒకసారి చప్పుడైంది.

కానిస్టేబుల్ 204లోకి పరుగెత్తింది. బట్టలుతికే చోటు వెనక సామాన్ల కొట్టుగది ఉంది, బయటినుంచి గడియ. లోపల గచ్చు మీద పదేళ్ల పిల్ల, జ్వరంతో ఒళ్లు కాలిపోతోంది. పసిబిడ్డను ఆడించడానికని పల్లె నుంచి తెచ్చి, ఆ బిడ్డను అమ్మమ్మగారింటికి పంపాక ఇంటిపనికి ఉంచుకొని, మిగతా వేళల్లో అందులో పెట్టేవారట. ఇంకో రెండు రోజులు ఆలస్యమైతే చేయడానికేమీ ఉండేది కాదని దవాఖానాలో డాక్టరు చెప్పింది. ఆ మొగుడూ పెళ్లాల మీద కేసు నడుస్తోంది.

వారం తిరక్కుండానే శిరీషవాళ్లను ఇల్లు ఖాళీ చేయమన్నారు. బోడుప్పల్‌లో ఒక గది దొరికింది. వెళ్లేముందు శిరీష తల్లి నా దగ్గరికొచ్చింది. తిడుతుందనుకున్నాను.

"మా పిల్ల ఒట్టు తప్పిందా మేడం?" అని అడిగింది.

"తప్పలేదమ్మా. నవల గురించే మాట్లాడింది."

ఆమె కొంగుతో మొహం తుడుచుకుంది. "తప్పినా మంచిగుండేది. నేనే ఆ ఒట్టు పెట్టకపోయుంటే..." అని వెళ్లిపోయింది. ఆమెను తప్పుపట్టే హక్కు నాకు లేదు. ఆమె ఇల్లు పోతుందని నోరు మూయించింది. నేను ఏ కష్టమూ లేకుండా, చేతిలో నోట్‌బుక్ పెట్టుకొని, మూడు ఆదివారాలు ఆ పిల్ల చెప్పింది రాసుకున్నానే గానీ వినలేదు. పైగా గోడవతలి పిల్లకు ఉన్న ఒక్క కథనూ లాక్కొని తాళం వేశాను. నా ఉద్యోగంలో నేను చేసిన పనుల్లో నాకు ఇప్పటికీ సిగ్గు కలిగేది అదే. పుస్తకంలో లేనిది పిల్లలు చెబితే, వెతకాల్సింది పుస్తకంలో కాదని అలా నేర్చుకున్నాను.

రెండు నెలల తర్వాత అనుమతి తీసుకొని శిరీషా నేనూ పిల్లల హోమ్‌కి వెళ్లాం. ఆ పిల్ల పేరు ఇక్కడ రాయను. జడ వేసుకొని, కొంచెం ఒళ్లు చేసి ఉంది. శిరీష గొంతు వినగానే గుర్తుపట్టింది, మొహం మాత్రం కొత్తగా చూసింది. మిగిలిన కథ చదవమంది. శిరీష చివరిదాకా చదివింది. అలవాటు ఎక్కడికి పోతుంది, నవల ఎట్లుందని ఆ పిల్లను అడిగాను.

శిరీష చేతిలోని పుస్తకాన్ని మొదటి పేజీకి తిప్పింది.

"శురువుల్నే అందరికీ సప్పుడు ఇనబడ్డది గదా," అంది. "మరి ఆఖరి దాంక తలుపెందుకు తియ్యలే?"

శిరీష నా వైపు చూసింది. నవలలో వాళ్ల సంగతి నాకు తెలియదు. "నాకైతే నాలుగు ఆదివారాలు పట్టింది బిడ్డా" అన్నాను.