అమెరికా కారులో సాంబ్రాణి వాసన

మస్కట్‌లో నేను కొన్న మొదటి కారు అమెరికాది. రెండే తలుపులు, ఎనిమిది సిలిండర్లు, నిప్పులాంటి ఎరుపు. ఇంజను వేస్తే అల్ మవాలేలో మా కిటికీ అద్దాలు గలగలలాడేవి. ఇలా చెబితే మనవలు నోరు తెరుచుకుని వింటారు. నిజానికి ఆ ఎరుపు ఎండకి ఎప్పుడో ఇటుక రంగుకు దిగిపోయింది. అద్దాలు గలగలలాడింది సైలెన్సరుకు చిల్లు పడటం వల్ల. సిలిండర్లు మాత్రం ఎనిమిదే, అబద్ధం లేదు. ఏడు పనిచేస్తున్నాయని మెకానిక్ అన్నాడు.

తొంభైల మొదట్లో మాట. నేనక్కడ ఒక కంపెనీలో డ్రాఫ్ట్స్‌మన్‌ని. మా పేటలోని ఒమానీ పెద్దాయన, మోకాళ్లు పట్టేసి ఆ లోతు సీట్లోంచి లేవలేక, బండి అమ్ముతున్నాడని తెలిసింది. హాస్టల్లో పాత ఇంగ్లీషు పత్రికల్లోంచి కత్తిరించి నా మంచం పక్క గోడకు అంటించుకున్నవి ఇలాంటి కార్ల బొమ్మలే. చూడగానే ఒళ్లు మరిచిపోయాను. కానీ మా ఆవిడ ఎక్కనన్న బండి మా ఇంటికి రాదు. వేరేవాళ్లూ అడుగుతున్నారు కాబట్టి ఆ సాయంత్రమే తేల్చాలన్నాడు పెద్దాయన. బండిని మా గుమ్మం ముందు పెట్టి, తాళంచెవి జేబులో వేసుకుని, నమాజుకు వెళ్లాడు.

మా ఆవిడ కారు తలుపు తీసి ముక్కు ఎగబీల్చింది.

“ఏవండీ, ఏంటీ వాసన?”

“కొత్త కారు వాసనే.”

“పాత కారుకి కొత్త వాసనేంటండీ? ఇది సాంబ్రాణి.”

కింది గదిలో ఉండే జగిత్యాల ఎలక్ట్రీషియన్‌కు శుక్రవారం కావడంతో డ్యూటీ లేదు. రెండో తలుపులోంచి తల దూర్చాడు.

“అమ్మా, నేను జెప్తున్న జూడు, గీ బండిల మనిషి వోయిండు. లేకుంటే కారుల ఊదు పొగ ఏసుడేంది?”

“నోరు మూసుకోవయ్యా,” అన్నాను.

“నాకేంది సార్. రాత్రిపూట నా రూమ్ ముంగట మాత్రం పెట్టకుండ్రి.”

మా ఆవిడ కారులో కాళ్లు పెట్టుకునే చోటున్న పట్టా ఎత్తి, సన్నటి ఇసుకను వేళ్ల మధ్య నలిపి చూసింది. “వాదీలో, ఆ ఎండు వాగులో, వరదకి కొట్టుకుపోయిన బండండీ. తడి కంపు తెలీకుండా పొగ పెట్టాడు.”

“ఈ దేశంలో ఇసుక లేనిదెక్కడే?” అన్నానే గానీ, నాకూ లోపల పీకుతూనే ఉంది. ఎవరూ చూడకుండా సీటుకు ముక్కు ఆనించి వాసన చూశాను. అంతసేపూ ముద్దొచ్చిన స్టీరింగు, ఏదో దాస్తున్న మనిషి మొహంలా కనిపించింది.

పెద్దాయన తిరిగి రాగానే మా ఆవిడ ఇందులో ఎవరైనా పోయారా అని తనకొచ్చిన హిందీలో సూటిగా అడిగేసింది. “ఇస్‌మే కోయీ మర్‌గయా క్యా?”

ఆయన బిత్తరపోయాడు. తర్వాత పొట్ట పట్టుకుని నవ్వాడు. తన పొడవాటి దిష్‌దాషా అంగీ చెయ్యి ఆమె ముందుకు చాచి వాసన చూడమన్నాడు. అదే వాసన! లుబాన్ అనే అక్కడి సాంబ్రాణి పొగ బట్టలకు, గడ్డానికి, కారుకు రోజూ పట్టిస్తాడట. “అయితే నేనూ చచ్చినట్టేనా, బెహన్?” అన్నాడు.

మా ఆవిడ సిగ్గుపడి వెనక సీట్లోకి ఎక్కింది. హమ్మయ్య అనుకున్నాను.

“మరి నా అనుమానం సంగతి?” అన్నాడాయన, పక్క సీట్లో మూలుగుతూ కూర్చుని. “ఇప్పటికే ఇద్దరికి ఇవ్వనన్నాను. ఇలాంటి బండి ఎప్పుడైనా నడిపావా?”

“హైదరాబాద్‌లో ఇలాంటివి ఎన్నో!”

తాళంచెవి ఇచ్చాడు. బండి కదిలింది. నేను నేర్చుకున్నదీ, నడిపినదీ క్లచ్ ఉన్న బండ్లే. ఇందులో క్లచ్ లేదు. అలవాటు చొప్పున నా ఎడమకాలు క్లచ్ కోసం వెతికి, వెడల్పాటి బ్రేకును బలంకొద్దీ తొక్కింది. మా ఆవిడ నుదురు నా సీటుకు కొట్టుకుంది. పెద్దాయన టోపీ ఎగిరి డాష్‌బోర్డు మీద పడింది. మళ్లీ కదిలించాను. మళ్లీ అదే.

“హైదరాబాద్‌లో కార్లు ఇలాగే పోతాయా?” అన్నాడు టోపీ తీసుకుంటూ.

“మా ఊళ్లో అంతా ఇంతేనండీ అని చెప్పండి,” అంది వెనక నుంచి మా ఆవిడ.

ఇక దాచి లాభం లేదు. “ఎప్పుడూ నడపలేదు. గోడ మీద బొమ్మల్లో చూడ్డమే,” అని ఒప్పేసుకున్నాను.

ఆయన చెయ్యి తాళంచెవి మీదకు వెళ్లింది. పోయింది బండి, అనుకున్నాను. ఆయన ఇంజను ఆపాడు. తర్వాత నా ఎడమ మోకాలి మీద ఒకటి తట్టి, “దీన్ని మడిచి సీటు మీద పెట్టుకో. మీరు అన్నానికి కూర్చుంటారే, అలాగ,” అన్నాడు.

మడిచాను. ఒంటికాలితో నడిపాను. బండి నెయ్యిలా సాగి, ఇసుక మైదానం చుట్టూ తిరిగొచ్చింది.

“ఖలాస్, బండి నీది. ఆ కాలు కిందికి దించావో, వచ్చి పట్టుకుపోతా.”

ఊరికే అన్నాడనుకున్నాను. ఆ తర్వాత దారిలో ఎక్కడ ఎదురుపడ్డా చెయ్యెత్తి ఆపేవాడు. పట్టేసిన మోకాళ్లతోనే కష్టపడి వంగి, కిటికీలోంచి నా కాలు చూసుకున్నాకే సలాం చెప్పేవాడు.