ఎవరి బాడీ

"వదినె, నీ నాలుక మీద గూడ ఒక రాయి ఉన్నట్టుంది, అది గూడ తీపిచ్చుకో," అన్నాను నేను.

"తిరిగొచ్చినంక చెప్త నీ సంగతి," అన్నది మా ఆడబిడ్డ రాజవ్వ.

హన్మకొండ దవాఖానలో, కడుపులో రాళ్ళ ఆపరేషనుకు ఆమెను బండి మీద లోపలికి తోసుకుపోతుంటే మేం అనుకున్న మాటలివి. ఇవే ఆఖరి మాటలని నమ్మి నేను చేసిన ఆగం చెప్తాను, నవ్వుకోండి. మా ఆయన పోయాక నన్ను తిట్టేందుకు మిగిలింది ఆమె ఒక్కతే.

ఆపరేషను గది తలుపు ముందు కూర్చున్నాను. అంతలో తెలుగు సరిగ్గా రాని కేరళ నర్సమ్మ వచ్చి, "ఎవ్రీబడీ బయట," అన్నది. బాడీ అంటే మాకు తెలిసింది శవం ఒకటే. నాకు "ఎవరి బాడీ బయట" అని వినబడింది.

"మా రాజవ్వదా బిడ్డా?"

"ఎస్, రాజవ్వ, ఎవ్రీబడీ," అని తలూపింది.

కూసే గాడిద మేసే గాడిదను చెడగొట్టిందంటారు. నేను ఏడ్చే గాడిదను, వార్డంతటినీ ఏడిపించాను. నర్సంపేటలో ఉన్న రాజవ్వ కొడుక్కి ఫోను కొట్టాను.

"మీ అవ్వ పోయింది కొడకా."

"డాక్టర్ చెప్పిండా అత్తా?"

"నర్సమ్మ చెప్పింది. ఇంగ్లీషుల చెప్పింది."

ఇంగ్లీషులో చెప్పాక ఇంకేం అనుమానం? ఆటో నిండా చుట్టాలతో, దండతో దిగాడు. వాళ్ళ వెనకే కాలేజీ నుంచి నా మనుమరాలు శిరీష వచ్చి సంగతంతా విని, నర్సమ్మను అడిగి వచ్చింది.

"నానమ్మా, ఎవ్రీబడీ అంటే అందరు అని. నేల తుడుస్తరని అందర్ని బయటికి పొమ్మన్నది."

"అందరు అననీకి శవమెందుకే?"

"వెనకట ఇంగ్లీషోళ్ళు మనిషిని గూడ బాడీ అనేటోళ్ళు. ఎవ్రీ అంటే ఒక్కొక్క. రెండు కలిస్తే అందరు. మనం తలా ఒక లడ్డు అంటం గదా, తలకాయలు కోసి పంచుతున్నమా?"

అంతలో తలుపు తెరుచుకుంది. బండి మీద రాజవ్వ సగం కళ్ళు తెరిచి కొడుకు చేతిలో దండ చూసింది, విరబోసుకున్న నా జుట్టు చూసింది.

"ఎవరు పోయిండ్రే?" అని నన్ను అడిగింది.

భయానికి నా నోట తెలుగు రాలేదు. అప్పుడే నేర్చిన ముక్క వచ్చింది.

"ఎవ్రీబడీ," అన్నాను.

ఆనాడే ఒట్టు పెట్టుకున్నాను. మొహం కళ్ళారా చూడనిదే ఎవరినీ చంపను. ఇంగ్లీషులో అసలే చంపను.

ఏదీ శిరీషా, నేను చెప్పంగ రాసింది ఒకసారి చదువు. రాజవ్వ కళ్ళు తెరిచిన కాడ జర గట్టిగ చదువు, మా వదినె గూడ ఇంటది.